కొండ కింద ఊళ్లకి పంటల మ్యాప్: మామిడి తోట అడవిలో కలిసిపోతోందంటే

తర్వాత చదివేవాళ్లకి సందర్భం తెలియాలి కాబట్టి ముందు ప్రశ్న క్లుప్తంగా పెడతా. తిరుపతిలో పీజీ చేస్తున్న ఒక తమ్ముడు అడిగింది ఇదీ: శేషాచలం అంచున ఉన్న ఎర్రావారిపాళెం, చిన్నగొట్టిగల్లు, చంద్రగిరి మండలాలకి ల్యాండ్ యూజ్ మ్యాప్ వేయాలి, దాని మీద ఫార్మింగ్ సిస్టమ్స్ (పంట, పశువులు, నీళ్లు అన్నీ కలిపి రైతు సంసారం గడిచే తీరు) మ్యాప్ కట్టాలి. నవంబర్‌లో మబ్బు లేని సెంటినెల్-2 శాటిలైట్ ఇమేజ్ ఒకటి దొరికితే దాని మీద ర్యాండమ్ ఫారెస్ట్ (ఇమేజ్‌లో ఒక్కో గడి, అంటే పిక్సెల్, ఏ రకమో విడగొట్టే క్లాసిఫైయర్ ప్రోగ్రామ్) నడిపాడు. యాక్యురసీ 62 శాతం దాటట్లేదు. మామిడి తోటలు అడవిలో కలుస్తున్నాయి, బీళ్లు పొదల్లో కలుస్తున్నాయి, ఒక చెరువు ఏకంగా అడవి అయిపోయింది. ట్రైనింగ్ పాయింట్లు (ఇక్కడ ఫలానాది ఉంది అని కంప్యూటర్‌కి నేర్పే చోట్లు) పెంచాలా, డీప్ లెర్నింగ్‌కి పోవాలా అంటున్నాడు.

రెండూ వద్దు తమ్ముడూ. నేను ఈ పని 2003లో మొదలుపెట్టా. అప్పుడు లిస్-3 (మన దేశం శాటిలైట్ కెమెరా) ప్రింటు టేబుల్ మీద పరిచి, పైన ట్రేసింగ్ ఫిల్మ్ వేసి, పక్కన 57 ఓ టోపోషీటు (సర్వే ఆఫ్ ఇండియా మ్యాపు) పెట్టుకుని పెన్సిల్‌తో గీసేవాళ్లం, మధ్యాహ్నం భోజనానికి లేచి వచ్చేసరికి ఫ్యాన్ గాలికి ఫిల్మ్ జరిగిపోయి ఉండేది, మళ్లీ మొదటి నుంచి. ఆ రోజుల నుంచి ఈ కొండ కింద ఊళ్లకి వేసిన మ్యాపులు ఇప్పుడు తీసి చూస్తే సగం వాటికి సిగ్గేస్తుంది. నేను చేసిన తప్పులే నువ్వూ చేస్తున్నావు కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తా.

నీ తిప్పలు ఆల్గారిదం దగ్గర లేవు, తేదీ దగ్గర ఉన్నాయి. నవంబర్‌లో మన కొండ కింద ఎట్లుంటుందో నువ్వే గుర్తు తెచ్చుకో. మనకి రెండు వానలు, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్యం, రెండోది ముదిరే టైముకి అడవి నిండా ఆకు, మామిడి నిండా ఆకు, కంప నిండా ఆకు, బండల సందుల్లో కూడా గడ్డి. పెళ్లికి అందరూ ఒకే రంగు చీర కట్టుకొస్తే దూరం నుంచి ఫోటో తీసి ఎవరెవరో చెప్పమన్నట్టుంది నువ్వు కంప్యూటర్‌ని అడిగేది. అది 62 చెప్పిందంటే మెచ్చుకోవాలి.

శేషాచలం అడవి ఎక్కువ భాగం ఎండు ఆకురాల్చే అడవి. ఎర్రచందనం, చిరుమాను, నల్లమద్ది, ఇవన్నీ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపల ఆకు రాల్చి మోడులైపోతాయి. మామిడి రాల్చదు. అదే మార్చి నెల ఇమేజ్ తీసుకో, ఫాల్స్ కలర్‌లో (అందులో పచ్చని ఆకు ఎర్రగా పడుతుంది) పెట్టి చూడు, కొండంతా బూడిద రంగు, దాని అంచున మామిడి తోటలు ఎర్రగా కుంకుమ బొట్టు పెట్టినట్టు కనిపిస్తాయి. నీకున్న తలనొప్పిలో సగం ఈ ఒక్క ఇమేజ్‌తో పోతుంది. పైగా మార్చిలో మబ్బు ఉండదు, ఐదు రోజులకోసారి వచ్చే ఇమేజుల్లో చాలావరకు పనికొస్తాయి.

అయితే మార్చి కూడా కొన్ని చోట్ల మోసం చేస్తుంది, అవి ముందే తెలుసుకో. తలకోన లాంటి లోయల్లో నీళ్లు పారే చోట చెట్లు ఎండాకాలం కూడా పచ్చగానే ఉంటాయి, అవి మామిడి కింద పడతాయి. నీలగిరి తోటలు, చింత తోపులు కూడా అంతే. దీనికి తిరగబడిన కేసు ఇంకోటి ఉంది, పట్టా భూమిలో ఎర్రచందనం నాటిన రైతులు ఉన్నారు, ఆ తోట మార్చిలో అడవి లాగే ఆకు రాల్చి కూర్చుంటుంది, దాన్ని అడవి అనకుండా కంప్యూటర్ ఏమంటుంది పాపం. లోయలకైతే ఎస్ఆర్‌టీఎం (రాడార్‌తో కొలిచిన నేల ఎత్తులు) డేటా కలుపు, వాలు ఎంత, వాగుకి ఎంత దూరం అనేది కూడా క్లాసిఫైయర్‌కి ఇవ్వు, చాలావరకు సర్దుకుంటుంది. నాటిన ఎర్రచందనానికి మాత్రం వరసలు కనిపించే హై రిజల్యూషన్ ఇమేజ్ చూసి చేత్తో గీయడమే, నేను ఇప్పటికీ అట్లే చేస్తా. ఇంకొకటి, మార్చి అంటే మంటల సీజన్ కూడా. 2014 మార్చిలో తిరుమల కొండల్లో ఎంత పెద్ద మంటలొచ్చాయో గుర్తుండే ఉంటుంది. కాలిన చోటు ఇమేజ్‌లో నల్లగా పడుతుంది, నల్లగా ఉంది కదా అని క్లాసిఫైయర్ దాన్ని నీళ్లు అనేస్తుంది. కొండ నెత్తిన చెరువు వచ్చిందంటే అది చెరువు కాదు, బూడిద.

మామిడి గురించి ఇంకో మాట చెప్పాలి. పాత తోతాపురి తోటల్లో చెట్టుకీ చెట్టుకీ 30 అడుగుల పైచిలుకు ఎడం ఉంటుంది, ఎకరాకి 40 చెట్లు. అంటే సుమారు 10 మీటర్లు. సెంటినెల్ పిక్సెల్ కూడా 10 మీటర్లే. లెక్క చూడు, ఒక్కో పిక్సెల్‌కి ఒక్కో చెట్టు. పాతికేళ్ల తోటైతే కొమ్మలు కలిసిపోయి పిక్సెల్ నిండా ఆకే ఉంటుంది. ఐదేళ్ల తోటైతే పిక్సెల్‌లో ముక్కాలు భాగం కింద నేలే, ఆ నేల మీద ఉలవలు వేసుంటే ఉలవలు కనిపిస్తాయి, దున్ని వదిలేస్తే ఎర్రమట్టి కనిపిస్తుంది. అందుకే "మామిడి" అని ఒకే క్లాస్ పెడితే లోపల మూడు రకాల మనుషుల్ని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టినట్టే. ముదురు తోట, లేత తోట విడిగా ట్రైన్ చెయ్యి, చివర్లో కావాలంటే కలుపుకో.

ఇప్పుడు బీళ్ల సంగతి, ఇది మామిడి కన్నా కష్టం, అసలు విషయం కూడా ఇక్కడే ఉంది.

ఐదారేళ్ల కింద ఎర్రావారిపాళెం వైపు ఒక ఊళ్లో పాయింట్లు తీసుకుంటా ఉన్నా. కొండ మొదట్లో రెండెకరాల చేను, నడుముల ఎత్తు గడ్డి, మధ్యలో నాలుగు రేగుచెట్లు, గట్టున రాయి మీద ఒక పెద్దాయన మేకల్ని చూసుకుంటా కూర్చున్నాడు. నేను ఫోన్‌లో "బీడు" అని కొట్టుకుంటా ఉంటే ఏం రాస్తున్నావు నాయనా అన్నాడు, చెప్పా. ఆయన నవ్వి, "బీడు కాదు నాయినా, కావిలి లేదు. చెనిక్కాయ ఏస్తే పందులు రాత్రికి రాత్రి తవ్వేస్తాండాయి. మంచె మీద ఎవురు పడుకుంటారు? మావోడు బెంగుళూరులో ఉండాడు. అందుకే ఇట్ల మేకలకి ఇడిసిపెట్టినా" అన్నాడు. తర్వాత మాటల్లో తెలిసింది, ఊరి పక్కన బోరు కింద ఆయనకి ఇంకో అర ఎకరం ఉంది, అందులో పశుగ్రాసం, రెండు ఆవులు, పాలు రోజూ సెంటర్‌కి పోస్తాడు, ఇల్లు గడిచేది దాని మీదే. ఈ పై చేనులో గడ్డి ఎండాకాలం ముందు కోసి ఆవులకి వాము వేస్తాడు.

ఇప్పుడు చెప్పు, ఆ రెండెకరాలు ఏంటి? ల్యాండ్ కవర్ అడిగితే గడ్డి, పొద. ల్యాండ్ యూజ్ అడిగితే మేత. ఫార్మింగ్ సిస్టమ్ అడిగితే పాడి, మేకలు, కావిలి లేక వదిలేసిన మానావారి (వానాధారం) చేను, అన్నీ కలిపి ఒక సంసారం. శాటిలైట్‌కి కనిపించేది మొదటిది మాత్రమే. రెండోది తేదీల్ని బట్టి ఊహించొచ్చు. మూడోది ఆ రాయి మీద పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. మీ సిలబస్‌లో ఈ మూడూ ఒకే చాప్టర్‌లో ఉంటాయి కాబట్టి పిల్లలందరూ ఒకటే అనుకుని దిగుతారు, నేనూ అట్లే దిగా.

రెండోదాన్ని తేదీలతో ఎట్లా పట్టాలో చెప్తా. బీడు భూమికీ సాగు భూమికీ తేడా పచ్చదనంలో వెతకొద్దు, రెండూ సెప్టెంబర్‌కి పచ్చగానే ఉంటాయి. తేడా మట్టి ఎర్రదనంలో వెతుకు. జూన్‌లో తొలకరి పడగానే బీడు పచ్చబడుతుంది, కానీ సాగు చేసే చేను అప్పుడే దున్నుతారు కాబట్టి చుట్టూ అంతా పచ్చగా మారుతుంటే అదొక్కటే ఎర్రగా బట్టతలగా ఉంటుంది. మళ్లీ నవంబర్ దగ్గరికి వచ్చేసరికి చెనిక్కాయ చెట్టుని వేళ్లతో సహా పీకుతారు, వరి లాగా కొయ్యకాలు మిగలదు, వారం పది రోజుల్లో ఎన్‌డీవీఐ (ఇమేజ్ నుంచి తీసే పచ్చదనం అంకె) ధబేల్‌మని పడిపోతుంది. బీటి గడ్డి అయితే జనవరి దాకా మెల్లిగా ఎండుతుంది. ఏడాదిలో ఈ రెండు చోట్ల, దుక్కి దగ్గర ఒకసారి, పీకేటప్పుడు ఒకసారి, కిందికి పడిన పిక్సెల్ సాగు. ఏ గుంతా లేకుండా గుట్టలాగా లేచి మెల్లిగా దిగింది బీడు. కంది సాళ్లు వేసిన చేనుల్లో మాత్రం చెనిక్కాయ పీకినాక కూడా కంది నిలబడి ఉంటుంది, పడటం కొంచెం తక్కువగా ఉంటుంది, భయపడొద్దు. వానలు ఆలస్యమై చెనిక్కాయ వేయని ఏడు సెప్టెంబర్, అక్టోబర్‌లో ఉలవలు చల్లుతారు, అప్పుడు గ్రాఫ్ మొత్తం రెండు మూడు నెలలు కుడివైపు జరుగుతుంది, దాన్నీ సాగు కిందే లెక్కేసుకో.

ప్రభుత్వ లెక్కల్లో భూమి వినియోగానికి తొమ్మిది తరగతులు ఉన్నాయి కదా, అందులో ప్రస్తుత బీడు అంటే ఆ ఒక్క ఏడు వదిలేసింది, ఇతర బీడు అంటే ఏడాది నుంచి ఐదేళ్ల దాకా వదిలేసింది, అంతకు మించితే సాగుకి పనికొచ్చే బంజరు కిందికి పోతుంది. ఒక్క ఇమేజ్‌తో ఈ మూడిట్లో ఏదో ఎవరూ చెప్పలేరు. కానీ సెంటినెల్-2 మొదటిది 2015లో, రెండోది 2017లో పైకి పంపారు, అంటే నీ దగ్గర ఐదేళ్లకి మించిన డేటా ఊరికే పడుంది, ఏటేటా దుక్కి పడిందా లేదా అని ఒక అంకె వేసి కూడుకుంటే ప్రతి చేనుకీ ఎన్నేళ్లుగా బీడో వచ్చేస్తుంది. నన్నడిగితే నీ థీసిస్‌లో పనికొచ్చే మ్యాప్ ఇదొక్కటే. అడవి అంచు నుంచి ఎంత దూరంలో బీళ్లు ఎక్కువున్నాయో ఒక గ్రాఫ్ వేస్తే, పందుల గురించి ఆ పెద్దాయన చెప్పింది నిజమో కాదో అంకెల్లో తేలిపోతుంది.

చెరువు అడవి అయిపోయిందన్నావు కదా, అది తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. నీళ్లు లేని చెరువుల్లో సర్కారు తుమ్మ దట్టంగా పెరిగిపోతుంది, పైనుంచి చూస్తే అడవే. చెరువు లోపల నీళ్లు వెనక్కి తగ్గిన చోట ఎవరో ఒకరు పంట కూడా పెడతారు. అంటే ఒకే చెరువు ఒక ఏడు నీళ్లు, ఒక ఏడు తుమ్మ, ఒక మూల పొలం. దీనికి క్లాసిఫైయర్‌ని నమ్మొద్దు, టోపోషీటు నుంచి చెరువుల సరిహద్దులు గీసుకుని, ఆ గీత లోపల ఏం వచ్చినా ముందు "చెరువు", తర్వాత "లోపల తుమ్మ", "లోపల నీళ్లు" అని రెండో పేరు పెట్టు. కట్ట కింద ఆయకట్టులో వరి పట్టడానికి రాడార్ వాడు. వరి నాట్లు పడేది సరిగ్గా మబ్బులున్న నెలల్లో, ఆప్టికల్ ఇమేజ్ నీకు దొరకదు, రాడార్ శాటిలైట్ సెంటినెల్-1కి మబ్బుతో పనిలేదు. నాటేముందు మడి నిండా నీళ్లు, రాడార్‌లో నల్లగా ఉంటుంది, పైరు లేచేకొద్దీ తెల్లబడతా వస్తుంది, వేరే పంట ఏదీ అట్లా ప్రవర్తించదు. కొండ వాలు మీద మాత్రం రాడార్ జోలికి పోవద్దు, అక్కడ కొండే మడిచిపెట్టినట్టు వంగి కనిపిస్తుంది.

ఇప్పుడు కయ్యల సైజు గురించి. 10 మీటర్ల పిక్సెల్ అంటే 100 చదరపు మీటర్లు, ఎకరా 4047 చదరపు మీటర్లు, అంటే ఎకరాకి 40 పిక్సెల్స్, బాగానే ఉంది కదా అనిపిస్తుంది. అర ఎకరం కయ్య తీసుకో, 20 పిక్సెల్స్, నాలుగు ఇంటూ ఐదు అనుకో. అంచున ఉన్నవన్నీ పక్క కయ్యతో, గట్టుతో, గట్టు మీద తాటిచెట్టుతో కలిసిపోతాయి, అవి తీసేస్తే లోపల మిగిలేవి రెండు ఇంటూ మూడు, ఆరే ఆరు. అందుకే ట్రైనింగ్ పాయింటు తీసుకునేటప్పుడు రోడ్డు మీద బండి ఆపి, దిగకుండా, కుడివైపు చెరుకు అని కొట్టేసుకుని పోవద్దు. ఫోన్ జీపీఎస్ 5, 10 మీటర్లు అటూ ఇటూ కొడుతుంది, కొండ కింద ఇంకా ఎక్కువ. చేనులోకి దిగి, నడిమధ్యకి నడిచి, నిలబడి తీసుకో. అడిగి దిగు, ఊరికే దిగితే ఎవరి సర్వేనో అనుకుని కర్రలు తెస్తారు.

యాక్యురసీ గురించి నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్తా. ఒక ప్రాజెక్టుకి మ్యాప్ వేసి 91 శాతం అని గొప్పగా రిపోర్టు ఇచ్చా. తర్వాత చూసుకుంటే నా పాయింట్లన్నీ తారు రోడ్డుకి అటూ ఇటూ ఉన్నవే, పైగా ఒకే తోటలో తీసిన పది పాయింట్లలో ఏడు ట్రైనింగ్‌కి, మూడు టెస్టింగ్‌కి పోయాయి. అదే తోట గురించి నేర్పి, అదే తోట గురించి పరీక్ష పెడితే ఎవరికైనా 91 వస్తుంది. రోడ్డు లేని ఒక తండా దగ్గర ప్రాజెక్టు వాళ్లు మ్యాప్ పట్టుకుని తిరిగితే సగం తప్పు. అప్పటి నుంచి నేను పాయింట్ల వారీగా విడగొట్టను, ఊరి వారీగా విడగొడతా. కొన్ని ఊళ్లు నేర్పడానికి, కొన్ని ఊళ్లు పరీక్షకి, ఒకదాని మొహం ఇంకోటి చూడకూడదు. నీ 62 అట్లా ఊరి వారీగా 78కి పోతే చాలు, ధైర్యంగా రాసుకో. 85 రావాలి అని మీ గైడ్ అంటే, అది అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ల 1976 క్లాసిఫికేషన్‌లో పెట్టుకున్న హద్దు, వాళ్ల పెద్ద పెద్ద పొలాలకి పెట్టుకున్నది, మన అర ఎకరం కయ్యలకి కాదు అని మర్యాదగా చెప్పు. మర్యాదగా, ఎందుకంటే సంతకం ఆయనే పెట్టాలి.

విస్తీర్ణం చెప్పేటప్పుడు పిక్సెల్స్ లెక్కపెట్టి గుణించి రాయొద్దు. ఊరికే ఉదాహరణకి, మ్యాప్‌లో మామిడి 3000 హెక్టార్లు, అడవి 20000 హెక్టార్లు వచ్చిందనుకో. మామిడి అన్న చోట 100 పాయింట్లు చూస్తే 80 నిజంగా మామిడి. అడవి అన్న చోట 100 చూస్తే 5 మామిడి తేలాయి. అప్పుడు అసలు మామిడి 3000లో 80 శాతం 2400, 20000లో 5 శాతం 1000, మొత్తం 3400. అడవి క్లాస్ పెద్దది కాబట్టి అందులో చిన్న తప్పు కూడా మామిడి లెక్కని తలకిందులు చేస్తుంది, కొండ పక్క మండలాలకి ఈ దెబ్బ ఎప్పుడూ ఉంటుంది. లెక్కలు చేసే ముందు ప్రొజెక్షన్ యూటీఎం 44 ఉత్తరంలో (మన ప్రాంతానికి మీటర్లలో కొలిచే పద్ధతి) పెట్టుకున్నావో లేదో చూసుకో, డిగ్రీల్లో ఉంచి విస్తీర్ణం తీసిన వాళ్లని నేను చాలామందిని చూశా, అడిగితే సాఫ్ట్‌వేర్‌ని తిడతారు.

రెడీమేడ్ మ్యాపులు ఉన్నాయి కదా అవి వాడొచ్చా అని ఇంకొకరు కింద అడిగారు. వాడండి, కానీ ఎవరు దేనికి వేశారో తెలుసుకుని వాడండి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో హెక్టారుకి తగ్గకుండా ఉండి 10 శాతం పైన చెట్ల నీడ ఉంటే అది ఫారెస్ట్ కవర్, భూమి ఎవరిది, వాడకం ఏంటి అని చూడరు. అంటే మీ మామ మామిడి తోట కూడా అందులో అడవే. అది వాళ్ల తప్పు కాదు, వాళ్ల నిర్వచనం అది. పైగా వాళ్లు అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య ఇమేజులు వాడతారు, ఎందుకంటే ఆకురాల్చే అడవిని ఆకుతో చూడటం వాళ్లకి అవసరం. నీ అవసరం దానికి రివర్స్. యూరప్ వాళ్ల వరల్డ్‌కవర్ 2020కీ 2021కీ 10 మీటర్లలో ఉంది, అందులోనూ తోటలు చెట్ల కిందే పోతాయి. మన హైదరాబాద్ ఎన్ఆర్ఎస్‌సీ వాళ్ల భువన్‌లో 1:50,000 ల్యాండ్ యూజ్ మ్యాపు ఉంది, తోటల్ని విడిగా చూపిస్తుంది, మొదటి చూపుకి అదే మంచిది.

రెవెన్యూ రికార్డులు కూడా పక్కన పెట్టుకో, కానీ దైవవాక్యం అనుకోవద్దు. అడంగల్‌లో వేరుశనగ అని ఉందని ఒక సర్వే నంబరు వెతుక్కుంటూ పోతే అక్కడ ప్లాట్ల రాళ్లు, సగం విరిగిన ఆర్చి కనిపించాయి నాకు. ఈ-క్రాప్ (సర్కారు ఆన్‌లైన్ పంట నమోదు) వచ్చాక నయం, కానీ కౌలుకి చేసేవాళ్ల పంట అందులోకి ఎక్కేది అన్ని చోట్లా ఒకలా ఉండదు. తిరుపతి చుట్టుపక్కల వెంచర్లకి విడిగా ఒక క్లాస్ పెట్టు, లేకపోతే అవి ప్రతి ఏడూ "కొత్తగా దున్నిన చేను" అని వస్తాయి, తవ్వి రోడ్లు వేసి వదిలేసిన ఎర్రమట్టి కదా.

ఇక ఫార్మింగ్ సిస్టమ్స్. ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ), ప్రపంచ బ్యాంకు కలిసి 2001లో వర్ధమాన దేశాలన్నిటికీ కలిపి 72 సిస్టమ్స్ అని లెక్కేశాయి, ఆ స్కేల్‌లో మనమందరం ఒకే రంగు. నువ్వు మూడు మండలాలకి వేస్తున్నావు. నా సలహా, పేర్లు పుస్తకంలో వెతకొద్దు, ఊళ్లో వెతుకు. మన రైతు భూమిని ఎట్లా చెప్తాడు? మానావారి చేను, బావి కింద మడి, చెరువు కింద మడి, తోట, కొండ కింద డీకేటీ (సర్కారు పట్టా ఇచ్చిన అసైన్డ్ భూమి). ఇవి మట్టీ నీళ్లూ హక్కూ అన్నీ ఒకే మాటలో చెప్పే పేర్లు. వీటిని క్లాసులుగా పెట్టుకుని, ఊరి యూనిట్‌గా, ఒక్కో ఊళ్లో ఏది ఎంత శాతం ఉందో తీసి, అడవికి దూరం, బోర్లు, పాడి పశువులు, మేకలు కలిపి ఊళ్లని గుంపులు చెయ్యి. పిక్సెల్‌కి సిస్టమ్ ఉండదు, సంసారానికి ఉంటుంది, ఊరికి ఉంటుంది. అదే కుప్పం, పలమనేరు వైపు పోతే కథ మారుతుంది, అక్కడ బోరు కింద మల్బరీ, టమోటా, పాడి, పక్కన కౌండిన్య అడవి. 1980ల నుంచి అటు ఏనుగులొస్తున్నాయి, 1990లో అభయారణ్యం అయింది. చెరుకు వేయాలా వద్దా అనేది అక్కడ రేటు ఒక్కటే చెప్పదు, ఏనుగు కూడా చెబుతుంది. మ్యాప్‌లో ఏనుగు దారి లేకుండా ఆ ఊళ్ల పంటలు అర్థం కావు.

పోడు గురించి కూడా అడిగావు, ఉష్ణమండల అడవి అనగానే పుస్తకాలన్నీ కాంగో, అమెజాన్ పోడుతోనే మొదలవుతాయి కాబట్టి. మన కొండల్లో నువ్వు చూసేది పోడు కాదు, కొండ కింద స్థిరమైన సాగు. పోడు చూడాలంటే పాడేరు వైపు పోవాలి. అక్కడ పద్ధతే వేరు, ఒక ముక్క కొట్టి ఒకటి రెండు మూడేళ్లు చేసి వదిలేస్తారు, అది మళ్లీ అడవిలాగా లేస్తుంది, ఒక ఏడు ఇమేజ్ తీస్తే వదిలేసిన పోడు అడవిలా, కొట్టిన పోడు అడవి నరికినట్టు కనిపిస్తుంది, రెండూ ఒకే సాగు అని ఏ క్లాసిఫైయరూ చెప్పదు. దానికి అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ శాటిలైట్ పాత డేటా పదిహేను ఇరవై ఏళ్లది వరసగా పెట్టుకుని తిరగబడే చక్రాన్ని పట్టాలి. ఆ పద్ధతి ఇక్కడికి తెచ్చి పెట్టొద్దు, ఆ పెద్దాయన బీడుని పోడు అని రాసినవాళ్లని కూడా చూశా నేను.

చివరిది, కొంచెం సీరియస్‌గా తీసుకో. అడవి గీత పక్కన ఉన్న చేనుల్ని పిక్సెల్ పిక్సెల్‌గా చూపించే మ్యాప్ ఆన్‌లైన్‌లో పెట్టొద్దు. నీ మ్యాప్‌లో 20 మీటర్లు అటు జరిగితే ఒకాయన డీకేటీ పట్టా చేను అడవి ఆక్రమణ అయి కూర్చుంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద గిరిజనులకి 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉందా అనేది ప్రాణం లాంటి విషయం. ఆ చట్టం రూల్స్‌లోనే రాసుంది, శాటిలైట్ ఇమేజ్ మిగతా సాక్ష్యాలకి తోడు మాత్రమే, వాటి బదులు కాదు అని. థీసిస్‌లో ఊరి స్థాయి శాతాలు చూపించు, చేను స్థాయి డేటా నీ దగ్గరే పెట్టుకో. ఎర్రచందనం ఉన్న చోట్లు గుర్తుపెట్టి మ్యాప్ వేయడం గురించి అయితే నేను చెప్పాల్సిన పని లేదనుకుంటా.

ఇప్పటికి చేయాల్సింది ఇదీ: గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ కలిపి ఒక మీడియన్ కాంపోజిట్ (అన్ని ఇమేజుల్లో మధ్య విలువ తీసి కట్టిన ఒకే ఇమేజ్), జూన్, జూలై ఒకటి, ఆగస్టు, సెప్టెంబర్ ఒకటి, డిసెంబర్, జనవరి ఒకటి, ఇవి నాలుగూ పేర్చి అదే ర్యాండమ్ ఫారెస్ట్ మళ్లీ నడుపు, పాయింట్లు మార్చకుండా. డిసెంబర్, జనవరిలో ఎండ వాలుగా ఉంటుంది, పొద్దున పదిన్నరకి శాటిలైట్ పైనుంచి పోయేటప్పుడు కొండకి వాయవ్యం వైపు వాలంతా నీడలో పడుతుంది, అక్కడ వచ్చిన "నీళ్లు" పట్టించుకోవద్దు. అయ్యాక నెరబైలు ఊరి చుట్టుపక్కల స్క్రీన్‌షాట్ ఒకటి పెట్టు, ఆ రోడ్డు పక్కన రెండు తోటలు నాకు బాగా తెలుసు, ఒకటి ముదురుది, ఒకటి నిన్న మొన్న నాటింది, అవి ఏ రంగులో పడ్డాయో చూసి మిగతాది చెప్తా.